ఇసుక బకెట్ పనికిరాని యాసిడ్

రేణిగుంట, గాజులమండ్యం వైపు ఏ గోదాములోకి వెళ్ళినా గోడకు ఎర్ర బకెట్లు కనిపిస్తాయి. వాటి నిండా ఇసుక. నూనె ఒలికినా, సల్ఫ్యూరిక్ యాసిడ్ ఒలికినా, చిన్న మంట లేచినా మొదట చెయ్యి వాటి మీదికే పోతుంది. ఆ అలవాటు చాలాసార్లు కాపాడుతుంది కూడా. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ దగ్గర మాత్రం అదే అలవాటు ముప్పు తెస్తుంది. ఈ యాసిడ్ గాజును తింటుంది. గాజు అంటే సిలికా, ఇసుకా సిలికానే. ఒలికిన హైడ్రోఫ్లోరిక్ మీద ఇసుక పోస్తే రెండూ కలిసి సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. నేల మీదున్న ప్రమాదాన్ని మనమే ముక్కు దాకా లేపినట్టవుతుంది.

చిత్తూరు, కుప్పం ప్రాంతాల్లో గ్రానైట్ కోత యూనిట్ల బయట కుప్పలుగా పడి ఉండే రాతిపొడిదీ ఇదే కథ. గ్రానైట్‌లో సుమారు 70 శాతం సిలికా. తేమ పీల్చుకుంటుంది కదా అని ఆ పొడిని తెచ్చి చల్లకూడదు. అమ్మకానికి దొరికే వర్మిక్యులైట్, బంకమట్టి గుళికల వంటి పీల్చే పదార్థాలు కూడా సిలికేట్లే. కాబట్టి ఈ యాసిడ్ వాడే చోట ముందే కొని పెట్టుకోవాల్సినది కాల్షియం. నేల మీద చల్లడానికి సున్నం రూపంలో, ఒంటికి రాయడానికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రూపంలో. ఈ రెండూ లేని చోట ఎంత నేర్పున్న మనిషైనా చేయగలిగింది తక్కువ.

ఇది మన దగ్గర ఎక్కడుంది?

అందరూ అనుకున్నదానికంటే దగ్గర్లోనే ఉంది. ఎలక్ట్రానిక్స్ తయారీలో గాజును పలచన చేయడానికి, సిలికాన్ పలకలను శుభ్రం చేయడానికి వాడేది ఇదే. పెద్ద కర్మాగారాల్లో దీనికి శిక్షణ పొందిన మనుషులు, అలారాలు, షవర్లు ఉంటాయి. అసలు భయం చిన్న చోట్లదే. స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగులు, గేట్లు చేసే వెల్డింగ్ షాపుల్లో అతుకు దగ్గర నల్లబడిన మరక తీయడానికి పూసే పిక్లింగ్ పేస్ట్‌లో సాధారణంగా నైట్రిక్ యాసిడ్‌తో పాటు హైడ్రోఫ్లోరిక్ కూడా ఉంటుంది. బ్రష్‌తో పూసే కుర్రాడికి అది ‘పేస్ట్’ మాత్రమే. తిరుపతి లాడ్జీల దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే లాండ్రీల్లో తుప్పు మరకలకు వాడే రస్ట్ రిమూవర్లలో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ గానీ, అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటుంది. అమ్మోనియం బైఫ్లోరైడ్ నీటిలో కరిగితే వచ్చే ప్రమాదం ఇంచుమించు ఇదే. రాతి మీద తుప్పు చారలు తీసే క్లీనర్లలో, కారు అల్లాయ్ చక్రాలు కడిగే కొన్ని ద్రావణాల్లో కూడా ఇది దొరుకుతుంది. డబ్బా మీద ‘ఫ్లోరైడ్’ అనే మాట ఏ రూపంలో కనిపించినా ఈ వ్యాసంలోని జాగ్రత్తలన్నీ దానికి వర్తిస్తాయి.

రోడ్డు మీద దీన్ని గుర్తుపట్టడం ఇంకో విద్య. ప్రమాదకర రసాయనాలు మోసే వాహనానికి అత్యవసర సమాచార పలక ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. ఆ పలక మీది నాలుగంకెల సంఖ్యే కీలకం. 1789 అయితే హైడ్రోక్లోరిక్, 1790 అయితే హైడ్రోఫ్లోరిక్. వరసలో పక్కపక్కనే ఉన్న సంఖ్యలు. ఫోన్‌లో హడావిడిగా చెప్పేటప్పుడు తారుమారు కావడానికి ఇంతకంటే అనువైన జత ఇంకోటి ఉండదు. 1830 అయితే గాఢ సల్ఫ్యూరిక్, 1052 అయితే నీరు కలవని హైడ్రోజన్ ఫ్లోరైడ్. సంఖ్య మీద అనుమానముంటే బొమ్మలు చూడాలి. హైడ్రోక్లోరిక్‌కు చేతిని, లోహాన్ని కొరికే బొమ్మ ఒక్కటే ఉంటుంది. హైడ్రోఫ్లోరిక్‌కు దాంతో పాటు పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. కొరుకుతుంది, విషం కూడా అని దాని అర్థం. సరిహద్దు దాటి వచ్చే డబ్బాల మీద అక్షరాలు తమిళమైనా ఇంగ్లీషైనా పుర్రెను చదవలేని వారుండరు.

మంట లేదు కదా అనుకుంటే

రసాయన శాస్త్రం దృష్టిలో ఇది బలహీనమైన ఆమ్లం. విచిత్రంగా, ప్రాణాల మీదికి తెచ్చేది ఆ బలహీనతే. సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్ నీటిలో చాలావరకు అయాన్లుగా (విద్యుదావేశం ఉన్న కణాలుగా) విడిపోయి చర్మం పైపొరను కాలుస్తాయి. మనిషి వెంటనే అరిచి, కుళాయి దగ్గరికి పరుగెత్తుతాడు. హైడ్రోఫ్లోరిక్‌లో ఎక్కువ భాగం విడిపోకుండా అణువుగానే ఉంటుంది. ఆ అణువు చర్మం గుండా సులువుగా లోపలికి దిగి, అక్కడ విడిపోయి ఫ్లోరైడ్‌ను వదులుతుంది. ఫ్లోరైడ్ ఒంట్లోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టి బంధిస్తుంది. కండలోకి, ఎముక దాకా పోతుంది. రక్తంలో కాల్షియం పడిపోయి, పొటాషియం పెరిగి, గుండె లయ తప్పుతుంది. ప్రాణం పోయేది పైకి కనిపించే పుండుతో కాదు, ఇలా లోపల జరిగే దానితో. గాఢ యాసిడ్ శరీరంలో 2.5 శాతం మేర పడినా మరణాలు సంభవించిన దాఖలాలున్నాయి. వేళ్ళతో సహా మన అరచేయి వైశాల్యం శరీరంలో దాదాపు 1 శాతం. అంటే రెండున్నర అరచేతులంత.

నొప్పి ఎప్పుడు మొదలవుతుందనేది గాఢతను బట్టి మారుతుంది. 50 శాతం దాటిన యాసిడ్ అయితే వెంటనే తెలుస్తుంది. 20 నుంచి 50 శాతం మధ్య అయితే 1 నుంచి 8 గంటలు పట్టవచ్చు. 20 శాతం కంటే తక్కువైతే 24 గంటల దాకా ఏమీ తెలియకపోవచ్చు. పగలు షిఫ్టులో గ్లౌజు చిల్లు గుండా వేలికి తగిలితే, ఇంటికి వెళ్ళి అన్నం తిని పడుకున్నాక అర్ధరాత్రి వేలు ఎముకలో కోసినట్టు నొప్పి పెడుతుంది. అప్పటికి పైన చర్మం కాస్త తెల్లబడి గానీ ఎర్రబడి గానీ ఉంటుంది, అంతే. చూసినవారు తేలు కుట్టిందేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు. అందుకే ‘మంట లేదు కదా’ అన్న మాటను ఈ యాసిడ్ దగ్గర ఎవరి నోటా వినకూడదు. తగిలిందన్న అనుమానం చాలు, చికిత్స మొదలుపెట్టాలి.

మొదటి పది నిమిషాలు

మనిషి మీద పడితే ముందు నీళ్ళు. ధారగా, బాగా. తడిసిన బట్టలు, బెల్టు, చెప్పులు, గడియారం, ఉంగరం అన్నీ నీటి ధార కిందే తీసేయాలి. తీసే వ్యక్తికి గ్లౌజులు తప్పనిసరి. చొక్కా తల మీదుగా లాగితే కళ్ళకు తగులుతుంది, కాబట్టి కత్తిరించాలి. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందేలా ఉంటే 5 నిమిషాలు కడిగి జెల్ మొదలుపెట్టాలి. లేకపోతే వైద్యం అందే దాకా కడగడం ఆపకూడదు. ఇక్కడ చాలామంది తడబడతారు. మామూలు యాసిడ్లకు నేర్పిన 15, 20 నిమిషాల లెక్క పట్టుకుని, జెల్ పక్కనే ఉన్నా దాన్ని ఆలస్యం చేస్తారు. నీరు పైనున్న యాసిడ్‌ను తీసేస్తుంది. లోపలికి దిగిన ఫ్లోరైడ్‌ను పట్టేది కాల్షియం మాత్రమే.

జెల్‌ను గ్లౌజు వేసుకున్న చేత్తో గాయం మీద, దాని చుట్టూ ధారాళంగా పూసి మర్దనా చేస్తూ ఉండాలి. ప్రతి 10, 15 నిమిషాలకు పాతది తుడిచి కొత్తది పూయాలి. వేళ్ళకు తగిలితే శుభ్రమైన రబ్బరు గ్లౌజులో జెల్ నింపి చెయ్యి అందులో పెట్టించడం తేలిక, ముఖ్యంగా గోళ్ళ కిందికి పోయినప్పుడు. దారి పొడవునా అలాగే ఉంచవచ్చు. నొప్పి తగ్గడమే జెల్ పనిచేస్తోందనడానికి గుర్తు కాబట్టి, డాక్టరు చూసేలోపు నొప్పి తెలియకుండా చేసే మత్తు మందులు పూయకూడదు. ట్యూబులు దొరకని చోట ఆస్పత్రి ఫార్మసీ సాయంతో సిద్ధం చేసుకునే పద్ధతి ఉంది. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ 10 మి.లీ. ఆంపూల్‌ను, నీటిలో కరిగే లూబ్రికేటింగ్ జెల్లీ 30 మి.లీ.లో బాగా కలిపితే 2.5 శాతం వస్తుంది. వాజెలిన్ వంటి జిడ్డు లేపనంలో కలపకూడదు, కాల్షియం బయటికి రాదు.

కంట్లో పడితే నీళ్ళతో 15 నిమిషాలు, రెప్పలు తెరిచి పట్టుకుని. చర్మానికి రాసే జెల్ కంట్లో పెట్టకూడదు. ఆవిరి పీల్చినవారిని గాలి ఆడే చోటికి తెచ్చి, కూర్చోబెట్టి, ఆక్సిజన్ ఇవ్వాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గంటల తర్వాత మొదలవుతుంది. దగ్గు తగ్గిందని ఇంటికి పంపడం పెద్ద తప్పు. మింగితే వాంతి చేయించకూడదు.

108కి ఫోన్ చేసేటప్పుడు ‘యాసిడ్ పడింది’ అని ఊరుకోకుండా ‘హైడ్రోఫ్లోరిక్’ అన్న మాట పలకాలి, ఎంత శాతమో చెప్పాలి. డబ్బా మీది లేబుల్‌ను ఫోటో తీసి రోగితో పంపాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్ వంటి పెద్ద ఆస్పత్రులున్నాయి. చిత్తూరు వారికి వేలూరు ఆస్పత్రులు దగ్గర. అయినా ఈ కేసులు తరచూ వచ్చేవి కావు. డ్యూటీలో ఉన్న డాక్టరు మామూలు కాలిన గాయంగా చూసి పంపేయకుండా ఈసీజీ తీసి, రక్తంలో కాల్షియం, పొటాషియం చూడాలంటే ఆ ఒక్క పేరు వారి చెవిన పడాలి. యాసిడ్ వాడే యూనిట్ ముందే దగ్గరి ఆస్పత్రితో మాట్లాడి పెట్టుకోవడం ఖర్చులేని పని. ఆ పని చేసేవారు మాత్రం తక్కువ.

నేల మీది లెక్క

ఎంత ఒలికితే మనం దిగాలి, ఎంతకు తప్పుకోవాలి? గాఢత 50 శాతం లోపు, పరిమాణం లీటరు లోపు, గాలి ఆడే చోటు, శిక్షణ ఉన్న ఇద్దరు మనుషులు, సరైన దుస్తులు ఉంటేనే సొంతంగా దిగడం అనేది తెలివైన హద్దు. 70 శాతం యాసిడ్ గాలిలోనే పొగలు కక్కుతుంది. నీరు కలవనిదైతే 19.5 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి మన ఎండల్లో అది ఎప్పుడూ వాయువే. గాలిలో 30 పీపీఎం (పది లక్షల భాగాల్లో 30) ఉంటే వెంటనే ప్రాణాపాయం కలిగించే స్థాయిగా లెక్క. మూసిన గదిలో, ఏసీ నడిచే చోట ఒలికితే పరిమాణం ఎంతైనా బయటికి వచ్చి తలుపేయడమే మొదటి పని.

దుస్తుల విషయంలో పొదుపు పనికిరాదు. పలచని డాక్టరు గ్లౌజులు చాలవు. నియోప్రీన్ లేదా బ్యుటైల్ రబ్బరు మందపాటి గ్లౌజులు, కింద ఇంకో జత నైట్రైల్. వేసుకునే ముందు గాలి ఊది, మెడ బిగించి పట్టుకుని చిల్లులున్నాయేమో చూడాలి. కళ్ళకు అతుక్కునే గాగుల్స్, వాటి మీద ముఖం మొత్తం కప్పే షీల్డ్. పీవీసీ ఏప్రాన్, గమ్ బూట్లు. ప్యాంటు బూట్ల లోపల కాకుండా పైన ఉండాలి. లోపల ఉంటే జారిన చుక్క నేరుగా పాదం మీదికి పోతుంది. తోలు బూట్లు, తోలు గ్లౌజులు యాసిడ్‌ను పీల్చుకుని దాచుకుంటాయి, వాటిని కడిగి మళ్ళీ వాడలేం. గుడ్డ మాస్కు వేసుకోవడం వేసుకోకపోవడం ఒకటే. పూర్తి రసాయన సూట్ వేసుకున్నవారు మే నెలలో 40 డిగ్రీల ఎండలో 20 నిమిషాలకు మించి పనిచేస్తే యాసిడ్ కంటే ముందు వడదెబ్బ పడగొడుతుంది. ఇద్దరిద్దరుగా వంతులు వేసుకోవాలి.

ఇక సున్నం. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికే రాళ్ళ సున్నం వద్దు. ఆ వేడికి యాసిడ్ ఆవిరై లేస్తుంది. ముందే చల్లారి పొడిగా బస్తాల్లో వచ్చే హైడ్రేటెడ్ లైమ్ కావాలి. లేదా సున్నపురాయి పొడి. కోళ్ళ దాణాలో కలపడానికి అమ్మే సున్నపురాయి పొడి ఈ జిల్లాల్లో దొరకడం కష్టం కాదు, మెత్తగా ఉన్న రకం తీసుకోవాలి. 48 శాతం యాసిడ్ ఒక లీటరులో సుమారు 550 గ్రాముల హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. దాన్ని చంపడానికి లెక్క ప్రకారం కిలో హైడ్రేటెడ్ లైమ్, లేదా 1.4 కిలోల సున్నపురాయి పొడి చాలు. నేల మీద లెక్కలు అలా కుదరవు. పొడి గింజ చుట్టూ కాల్షియం ఫ్లోరైడ్ పొరలా పేరుకుని లోపలి సున్నాన్ని పనిచేయనివ్వదు. అందుకే రెట్టింపు దగ్గరుండాలి. 35 లీటర్ల కార్బాయ్ (పెద్ద యాసిడ్ క్యాను) ఒకటి ఉంచుకునే చోట కనీసం 70 కిలోల హైడ్రేటెడ్ లైమ్. రెండు బస్తాలు చూపించి ‘ఉంది కదా’ అనుకునే చోట్ల ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

చల్లడం అంచుల నుంచి మొదలవ్వాలి. ముందు చుట్టూ కట్టలా వేసి, యాసిడ్ పాకకుండా ఆపి, అప్పుడు గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి నెమ్మదిగా మధ్యకు రావాలి. బస్తా ఎత్తి మధ్యలో కుమ్మరిస్తే వేడి, చిందులు, పొగ. పొంగు తగ్గాక ప్లాస్టిక్ పారతో కలిపి, మళ్ళీ కాస్త పొడి వేసి, కనీసం 15 నిమిషాలు వదలాలి. తర్వాత పీహెచ్ కాగితంతో చూడాలి. పీహెచ్ మీటరు గాజు ఎలక్ట్రోడ్‌ను ఈ యాసిడ్ పాడు చేస్తుంది కనుక కాగితమే మేలు. 7 దాటే దాకా కలపడం, చూడడం సాగాలి.

బట్టల సోడా, వంట సోడా వాడవచ్చా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పులుపు చస్తుంది, విషం చావదు. సోడాతో వచ్చే సోడియం ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది, కాలువ వెంట పోతుంది. కాల్షియం ఫ్లోరైడ్ దాదాపు కరగదు. సోడానే దొరికితే వాడి, తర్వాత తప్పకుండా సున్నం వేయాలి. కాస్టిక్ సోడా జోలికి పోవద్దు. అన్నిటికంటే పెద్ద పొరపాటు బ్లీచింగ్ పౌడర్. మురుగు కాలువల పక్కన సున్నంతో కలిపి చల్లే అలవాటు మున్సిపాలిటీల్లో ఉంది, రెండూ తెల్లగా బస్తాల్లోనే ఉంటాయి. ఏ యాసిడ్ మీద బ్లీచింగ్ పడినా క్లోరిన్ వాయువు లేస్తుంది. యాసిడ్ గదిలో ఉంచే సున్నం బస్తా మీద పెద్ద అక్షరాలతో పేరు రాయడం ఎందుకంటే ఇందుకే.

ఎత్తిన ముద్దను హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ డ్రమ్ములో వేయాలి. గాజు సీసా, జింకు పూత ఇనప (జీఐ) బకెట్ పనికిరావు. లోహాలతో కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది. గాజు పీచు కలిపిన ఎఫ్‌ఆర్‌పీ తొట్టెలు కూడా తింటుంది. సున్నపురాయి పొడి వాడితే కార్బన్ డయాక్సైడ్ ఇంకా వస్తూనే ఉంటుంది, పొంగు పూర్తిగా ఆగేదాకా మూత బిగించకూడదు, డ్రమ్ము ఉబ్బి పగులుతుంది. నేలను సున్నపు నీళ్ళతో, తర్వాత మామూలు నీళ్ళతో కడిగి ఆ నీటిని కూడా పట్టుకోవాలి. లోతట్టు జలాల్లోకి వదిలే వ్యర్థజలంలో ఫ్లోరైడ్ లీటరుకు 2 మి.గ్రా. మించకూడదు. సున్నంతో అంతా స్థిరపరిచినా కాల్షియం ఫ్లోరైడ్ కరిగే కొద్దిపాటి వల్లే లీటరుకు 8 మి.గ్రా. దాకా మిగులుతుంది. కాబట్టి ‘న్యూట్రల్ చేశాం’ అని కడిగిన నీళ్ళను స్వర్ణముఖి వైపో, నీవా వైపో పోయే కాలువలోకి వదలడం కుదరదు. డ్రమ్ములు, గ్లౌజులు, నీళ్ళు అన్నీ ప్రమాదకర వ్యర్థాల కిందే లెక్క, అనుమతి పొందిన సంస్థకే ఇవ్వాలి.

ట్యాంకరు అయితే

ఘాట్ మలుపుల్లో, హైవే మీద ట్యాంకరు బోల్తా పడితే లెక్క వేరు. పలక మీద 1790 ఉంటే చుట్టూ కనీసం 50 మీటర్లు ఖాళీ చేయించాలి. మంటలు కూడా ఉంటే 800 మీటర్లు. ఇవి మొదటి అంకెలు మాత్రమే, పొగ కదలికను బట్టి పెంచాలి. రాత్రి గాలి నిలకడగా ఉండి మేఘం చెదరదు కాబట్టి పగటి దూరం రాత్రికి చాలదు. హైడ్రోజన్ ఫ్లోరైడ్ అణువు గాలి కంటే తేలికే అయినా, తేమతో కలిసి తెల్లని పొగమంచులా నేల బారునే పాకుతుంది. పల్లంలో ఉన్న ఇళ్ళను ముందు ఖాళీ చేయించాలి. గాలి ఎటు వీస్తోందో కొబ్బరి మట్టలు చెబుతాయి, అడ్డంగా కదలాలి. వీడియో తీయడానికి మూగేవారిని ఆపడం పోలీసులకు యాసిడ్‌ను ఆపడమంత పని.

నీటితో రెండు పనులున్నాయి, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మేఘం మీద సన్నని తుంపరగా చల్లితే వాయువు నీటిలో బాగా కరిగి కిందికి దిగుతుంది. కారుతున్న ట్యాంకు లోపలికో, మడుగు మీదికో ధారగా కొడితే వేడెక్కి పొగ పెరుగుతుంది, మడుగు విస్తరిస్తుంది. తుంపర నీళ్ళు కూడా యాసిడే కాబట్టి ముందే కిందివైపు గట్టు కట్టాలి. ఇక్కడ ఇసుక వద్దన్న నియమానికి కాస్త సడలింపు అవసరం. సున్నం లారీ వచ్చేలోపు యాసిడ్ చెరువులో కలిసేలా ఉంటే, అది ఇంకా చేరని చోట మట్టి కట్ట వేసి, లోపలి వైపు దొరికినంత సున్నం పరచడం తక్కువ నష్టం. యాసిడ్ మీదనే మట్టి పోయడం మాత్రం వద్దు.

101, 112లకు ఫోన్ చేసేటప్పుడు పలక మీది సంఖ్యను ఒక్కొక్క అంకెగా చెప్పాలి. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) విషయానికొస్తే, తిరుపతి, చిత్తూరులకు విజయవాడ దగ్గరి 10వ బెటాలియన్ కంటే తమిళనాడులోని అరక్కోణంలో ఉన్న ఎన్‌డీఆర్‌ఎఫ్ 4వ బెటాలియన్ బాగా దగ్గర. జిల్లా ప్రణాళికల్లో రాష్ట్ర సరిహద్దును దాటి ఆలోచించాల్సిన చోటు ఇది.

దక్షిణ కొరియాలోని గుమిలో 2012 సెప్టెంబర్ 27న ట్యాంకరు నుంచి దించుతుండగా సుమారు 8 టన్నుల హైడ్రోజన్ ఫ్లోరైడ్ బయటికొచ్చింది. ఐదుగురు చనిపోయారు. తర్వాతి రోజుల్లో వేల మంది ఆస్పత్రులకు వెళ్ళారు, చుట్టుపక్కల పొలాలు మాడిపోయాయి. ఫ్లోరైడ్ సోకిన ఆకు కొన నుంచి, అంచుల నుంచి గోధుమ రంగుకు తిరిగి ఎండుతుంది. చిత్తూరు మామిడి తోటల పక్కన ఇలాంటిది జరిగితే మేఘం ఎంత దూరం పోయిందో ఆ ఆకులే కొన్ని రోజుల్లో చూపిస్తాయి. ఆ హద్దు లోపలి గడ్డిని పరీక్ష చేయించకుండా పశువులకు వేయకూడదు, బావి నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటలేదని తేలేదాకా తాగకూడదు.